మన పాట, మన ఇల్లు, మన కంప్యూటర్: రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ ఎంపికపై నాలుగు మాటలు

(ఆగస్టు 9, ప్రపంచ ఆదివాసీ దినోత్సవం సందర్భంగా జరిగిన అంతర్జాల సభలో చేసిన ప్రసంగ పాఠం)



మా పాటల రికార్డింగ్ బృందాన్ని మాట్లాడమన్నందుకు సంఘానికి కృతజ్ఞతలు. మేము సౌండ్ ఇంజనీర్లం కాదు. మాలో ఇద్దరు ఉపాధ్యాయులు, ఒకరు అంగన్‌వాడీలో పనిచేస్తారు, మిగతావాళ్ళు వ్యవసాయదారులు, డిగ్రీ చదివే పిల్లలు. ఒక ఇంట్లో ఒక గదిని స్టూడియోగా చేసుకుని గోండి, కొలామి పాటలను, ప్రధాన్ల కథాగానాన్ని రికార్డు చేస్తున్నాము. చాలా ఊళ్ళ నుంచి యువకులు ఫోన్ చేసి ఒకే ప్రశ్న అడుగుతున్నారు: "అన్నా, మేమూ మొదలుపెడతాం, కంప్యూటర్‌లో ఏ సాఫ్ట్‌వేర్ వేసుకోవాలె?" ఆ ప్రశ్నకు అందరికీ ఒకేసారి జవాబు చెప్పాలని ఈ నాలుగు మాటలు.

ముందుగా, ఈ పని ఎందుకు తొందరో చెప్పుకోవాలి. గుస్సాడీ నృత్యాన్ని దేశమంతా చూపించిన మార్లవాయి కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ వచ్చింది. కోయ డోలి మీద సమ్మక్క సారలమ్మల కథ పాడిన సకిని రామచంద్రయ్య గారికి 2022లో వచ్చింది. ఇద్దరూ 2024లో, ఒకే ఏడాదిలో, మనల్ని వదిలి వెళ్ళారు. పద్మశ్రీ వచ్చినవాళ్ళను టీవీల వాళ్ళు వచ్చి తీసుకున్నారు కాబట్టి కొంత మిగిలింది. మన ఊళ్ళల్లో ఏ బిరుదూ లేని ముసలమ్మలు, కిక్రి వాయించే తాతలు ఎంతమంది ఉన్నారు? వాళ్ళ కోసం ఎవరూ కెమెరా పట్టుకుని రారు. వస్తే మనమే రావాలి. 2011 జనాభా లెక్కల్లో గోండి మాతృభాష అన్నవాళ్ళు దేశంలో దాదాపు 30 లక్షల మంది. మాట్లాడేవాళ్ళు ఇంతమంది ఉన్నారన్న ధైర్యం పాటల విషయంలో పనికిరాదు. మాట తెలిసిన ప్రతివాళ్ళకూ పాట తెలియదు.

ఇక సాఫ్ట్‌వేర్ సంగతి. సాఫ్ట్‌వేర్ అంటే చాలామంది టేప్ రికార్డర్‌లాంటిదే అనుకుంటారు, ఏది వేసుకున్నా ఒకటే అనుకుంటారు. అది నిజం కాదు. పాటల సాఫ్ట్‌వేర్లు చాలావరకు స్టూడియో సంగీతం కోసం తయారైనవి. తెరవగానే నిమిషానికి 120 దెబ్బలు, ఒక వరుసకు నాలుగు లెక్కలు అని ముందే గీతలు గీసి పెడతాయి. మన దండారి పాట ఆ గీతల మీద నడవదు. ఆడేవాళ్ళ కాళ్ళు వేగం పెంచితే డోలు వేగం పెంచుతుంది, డోలు పెంచితే పాట పెరుగుతుంది. కథ చెప్పే ప్రధాన్ మధ్యలో ఆగి రెండు మాటలు మాట్లాడి, మళ్ళీ కిక్రి అందుకుంటాడు. దీన్ని గీతల మీదకు లాగి సరిచేస్తే వినడానికి "నీటు"గా ఉంటుంది, కాని అది మన పాట కాదు.

ఒక సంగతి చెబుతాము. మాకు తెలిసిన ఒక ఊరి దండారి పాటను ఎవరో ఫోన్‌లో తీసుకుపోయి, కింద కంప్యూటర్ డ్రమ్ము వేసి, గొంతును యంత్రంతో శ్రుతి చేసి యూట్యూబ్‌లో పెట్టారు. పాడిన అక్క పేరు లేదు, ఊరి పేరు లేదు. అది బాగా తిరిగింది. ఇప్పుడు ఆ ఊరి చిన్నపిల్లలు ఆ అక్క పాడినట్టు పాడటం లేదు, వీడియోలో ఉన్నట్టు పాడుతున్నారు. మాకు దుఃఖం కలిగించింది ఇదే. రికార్డు అయిన పాట రేపటి గురువు అవుతుంది. అందుకే ఏ పనిముట్టుతో రికార్డు చేస్తున్నామన్నది చిన్న విషయం కాదు.

మేము ఏ సాఫ్ట్‌వేర్‌నైనా ఐదు ప్రశ్నలు అడుగుతాము. మీరూ అవే అడగండి.

మొదటిది, నెట్ లేకుండా పనిచేస్తుందా? మన గూడేల్లో సిగ్నల్ కోసం గుట్ట ఎక్కే ఊళ్ళు ఇంకా ఉన్నాయి. నెలనెలా చందా కట్టే సాఫ్ట్‌వేర్లు అప్పుడప్పుడు నెట్‌లోకి వెళ్ళి లైసెన్సు సరిచూసుకోవాలి. చందా ఆగిన నెల మన పని మనకే తెరుచుకోకపోవచ్చు.

రెండవది, పాత ల్యాప్‌టాప్‌లో నడుస్తుందా? నాలుగు జీబీ ర్యామ్ ఉన్న సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ మన వాస్తవం. దానికి తగ్గదే మనకు మంచిది.

మూడవది, ఇందులో చేసిన పని ఇంకోదానిలో తెరుచుకుంటుందా? పట్నంలో ఒక స్టూడియో వాళ్ళు పెళ్ళి పాటలను రికార్డు చేసి తమ ప్రాజెక్టు ఫైళ్ళను మాత్రమే పెన్‌డ్రైవ్‌లో ఇచ్చారు. ఆ సాఫ్ట్‌వేర్ కొంటే తప్ప అవి వినిపించవు. పాట మనదే, తాళంచెవి మాత్రం వాళ్ళ దగ్గర ఉంది. అందుకని ఏది వాడినా చివరికి వేవ్ ఫైలు మన చేతికి రావాలి. వేవ్ అనేది అందరూ తెరవగలిగే ఫైలు.

నాలుగవది, అసలు రికార్డింగ్‌ను ముట్టుకోకుండా ఎడిటింగ్ చేయనిస్తుందా? కత్తిరించినా, శబ్దం తగ్గించినా, అసలు అలాగే ఉండాలి.

ఐదవది, పదో తరగతి చదివే పిల్లకు రెండు రోజుల్లో నేర్పగలమా? నేర్పలేకపోతే ఆ సాఫ్ట్‌వేర్ ఒక్కరి చేతిలోనే ఉండిపోతుంది. ఆ ఒక్కరు పనికోసం హైదరాబాద్ పోతే స్టూడియోకు తాళం పడుతుంది.

ఈ ఐదు ప్రశ్నలకు నిలిచినవాటిలో మొదటిది ఆడాసిటీ. ఇది పూర్తిగా ఉచితం. 2000 సంవత్సరంలో విడుదలైంది, అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో మొదలైన పని. దాని లోపలి కోడ్ అందరికీ బహిరంగం కాబట్టి ఒక కంపెనీ మూతపడినా అది పూర్తిగా పోదు. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తుంది. ఎర్ర గుండ్రం నొక్కితే రికార్డు, నల్ల చతురస్రం నొక్కితే ఆగుతుంది. ఒక్కరు పాడుతుంటే, ఒక తాత కిక్రి మీద కథ చెబుతుంటే, ఇంటర్వ్యూ తీసుకుంటుంటే ఇది చాలు. కరెంటు పోయి కంప్యూటర్ ఆగిపోయినా, మళ్ళీ తెరిచినప్పుడు ఆగిన పనిని తిరిగి తీసుకొస్తానని అడుగుతుంది. ఇది మన ఊళ్ళకు చాలా అవసరమైన గుణం. ఇందులో "లేబుల్ ట్రాక్" అని ఒకటి ఉంది. పాట కింద ఎక్కడికక్కడ "ఇక్కడ లింగాల్ కథ మొదలు", "ఇక్కడ జంగో పేరు వచ్చింది" అని తెలుగు లిపిలోనే రాసుకోవచ్చు. గంటల కథలో కావలసిన చోటు వెతకడానికి ఇంతకంటే తేలిక దారి లేదు.

దీనికి పరిమితులూ ఉన్నాయి. పాత కూర్పుల్లో ఏ మార్పు చేసినా అది నేరుగా శబ్దం మీదే జరిగేది. 2022లో వచ్చిన 3.2 కూర్పు నుంచి కొన్ని ఎఫెక్టులను అసలు శబ్దం మార్చకుండా పైన వేసుకునే వీలు వచ్చింది. అన్నింటికీ కాదు. అందుకే ఆడాసిటీలో పనిచేసేవాళ్ళు మొదట అసలు రికార్డింగ్‌ను వేవ్‌గా వేరే ఫోల్డర్‌లో భద్రం చేసి, నకలు మీదే ఎడిటింగ్ చేయాలి. మా స్టూడియో గోడ మీద ఈ మాట పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది.

రెండవది రీపర్. దండారి బృందం పాట అంటే డోలు, తుడుం, పెప్రె, కాలికోం, పాడేవాళ్ళు, గజ్జెలు. అన్నీ ఒకే మైకులో పడితే పెప్రె మిగతా అన్నింటినీ మింగేస్తుంది. నాలుగు మైకులు పెట్టి నాలుగు ట్రాకులుగా తీసుకుంటే తర్వాత గొంతును కొంచెం పైకి, పెప్రెను కొంచెం కిందికి జరపవచ్చు. ఈ పనికి రీపర్ సరిపోతుంది. డౌన్‌లోడ్ చాలా చిన్నది, విండోస్‌లో 20 ఎంబీకి అటూఇటూ. పాత ల్యాప్‌టాప్‌లో కూడా నడుస్తుంది. ఇందులో కత్తిరించినా, కలిపినా అసలు వేవ్ ఫైలుకు ఏమీ కాదు. ఎడిటింగ్ అంతా ఒక పట్టీలాగా వేరుగా ఉంటుంది. ఇది ఉచితం కాదు. 60 రోజులు పరీక్షగా వాడుకోవచ్చు, ఆ తర్వాత వ్యక్తులకు, చిన్న సంస్థలకు తగ్గింపు లైసెన్సు 60 డాలర్లు. ఒకసారి కడితే నెలనెలా కట్టే పని లేదు. 60 రోజుల తర్వాత కూడా అది తెరుచుకుంటూనే ఉంటుంది, కాని మేము డబ్బు కట్టాము. మన పాటకు విలువ కట్టమని అడిగేవాళ్ళం, ఇంకొకరి పనికి కూడా విలువ కట్టాలి. అదే కారణంతో దొంగ కాపీలు వద్దంటున్నాము. పైగా దొంగ కాపీలతో వైరస్‌లు వస్తాయి, పాటలున్న డిస్కే పోతుంది.

రీపర్ తెరవగానే ఒక పని చేయండి. పైన కనిపించే లెక్కను తాళం నుంచి నిమిషాలు, సెకన్లకు మార్చండి. గీతలకు అంటుకునే గుణాన్ని, అంటే "స్నాప్"ను ఆపేయండి. అప్పుడది మన పాట వెంట నడుస్తుంది.

ఆపిల్ కంప్యూటర్ ఉన్నవాళ్ళకు గ్యారేజ్‌బ్యాండ్ ఉచితంగా వస్తుంది, మంచిదే. కాని అది వేరే కంప్యూటర్లలో తెరుచుకోదు. లినక్స్ వాడేవాళ్ళకు ఆర్డర్ ఉంది. ఇక ఎఫ్ఎల్ స్టూడియో లాంటివి దెబ్బలు పేర్చి కొత్త పాటలు కట్టడానికి పుట్టినవి. మన యువకులు కొత్త పాటలు కడితే సంతోషం, అందుకు అవి వాడుకోండి. పెద్దల పాట భద్రపరచడానికి మాత్రం అవి వద్దు.

ఒక విషయం కొత్తవాళ్ళు తప్పక తెలుసుకోవాలి. విండోస్‌లో ఎక్కువ మైకులు ఒకేసారి తీసుకోవాలంటే ఏసియో అనే డ్రైవర్ అవసరపడుతుంది. రీపర్‌లో ఆ వీలు ఉంది. మేము వాడిన ఆడాసిటీ కూర్పుల్లో లేదు. అందుకే ఒక్క మైకు, రెండు మైకులైతే ఆడాసిటీ, నాలుగు మైకులైతే రీపర్ అని మేము పని పంచుకున్నాము.

ఇప్పుడు సెట్టింగుల సంగతి. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, వేవ్. ఈ మూడు మాటలు గుర్తుంటే చాలు. 24 బిట్ ఎందుకంటే, గొంతు మెల్లగా మొదలై ఒక్కసారి పైకి లేచినా నష్టం రాకుండా చోటు వదిలిపెట్టి రికార్డు చేసుకోవచ్చు. పాడేవాళ్ళు గట్టిగా పాడినప్పుడు కూడా మీటరు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆగేలా పెట్టండి. మీటరు సున్నా దాటితే శబ్దం పగులుతుంది. పగిలిన దాన్ని ఏ సాఫ్ట్‌వేర్ పూర్తిగా అతికించలేదు. భద్రపరిచే సంస్థలు 96 కిలోహెర్ట్జ్ కూడా వాడతాయి. డిస్కులో చోటు ఉంటే మంచిదే.

చోటు లెక్క చెబుతాము. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, స్టీరియోలో ఒక నిమిషానికి సుమారు 17 ఎంబీ, గంటకు సుమారు ఒక జీబీ. 96 అయితే దానికి రెట్టింపు. అదే గంట 128 కేబీపీఎస్ ఎంపీ3లో 60 ఎంబీ లోపే. అందుకే అందరూ ఎంపీ3 చేస్తారు. కాని ఎంపీ3 చేసేటప్పుడు మన చెవికి అంతగా అందదనుకున్న శబ్దాన్ని తీసేస్తారు. తీసేసింది మళ్ళీ రాదు. వాట్సాప్‌లో పంపడానికి ఎంపీ3 చేయండి, దాచడానికి వేవ్ ఉంచండి. చోటు మరీ తక్కువైతే ఫ్లాక్ అనే ఫైలుగా మార్చుకోండి. అందులో పరిమాణం తగ్గుతుంది, శబ్దంలో ఏదీ పోదు.

ఇంకో చిక్కు. మామూలు వేవ్ ఫైలు నాలుగు జీబీ దాటలేదు. 96 కిలోహెర్ట్జ్ స్టీరియోలో అది రెండు గంటల నాలుగు నిమిషాలకే నిండుతుంది, 48లో నాలుగు గంటల ఎనిమిది నిమిషాలకు. పెర్సపేన్ కథ రాత్రంతా సాగుతుంది. కాబట్టి కథకుడు తాగునీటికి, బీడీకి ఆగినప్పుడు మీరూ ఆపి కొత్త ఫైలు మొదలుపెట్టండి.

శబ్దం శుభ్రం చేయడం గురించి. "నాయిస్ రిడక్షన్" అనే బటన్ అందరికీ ఇష్టం. ఫ్యాను చప్పుడు, ఇన్వర్టర్ గుయ్ మనడం తగ్గుతుంది. కాని కిక్రి తీగ మీద కమాను రాసుకునే శబ్దం కూడా సాఫ్ట్‌వేర్ లెక్కలో నాయిస్ లాంటిదే. ఎక్కువ వాడితే కిక్రి ప్రాణం పోయి, నీళ్ళలోంచి వినిపిస్తున్నట్టు అవుతుంది. మేము పాటించే పద్ధతి: ముందు గదిని శుభ్రం చేయి, తర్వాత శబ్దాన్ని. ఫ్యాను, ఫ్రిజ్ ఆపండి. గోడలకు బొంతలు, రగ్గులు వేలాడదీయండి. ల్యాప్‌టాప్ ఛార్జర్ తీసి బ్యాటరీ మీద నడిపితే కరెంటు గుయ్ చాలావరకు పోతుంది. వాన పడుతుంటే రేకుల ఇంట్లో రికార్డింగ్ వద్దు, ఆ రోజు పాట నేర్చుకోండి.

గొంతును శ్రుతి చేసే ఆటోట్యూన్ మా కంప్యూటర్‌లో లేదు. అది 1997లో వచ్చింది. మామూలుగా ఆ యంత్రం స్వరాన్ని పియానో మెట్ల మీదకు లాగుతుంది. మన అవ్వ పాడిన స్వరం ఆ మెట్ల మధ్యలో ఉంటే అది అవ్వ తప్పు కాదు, ఆ మెట్లు అవ్వ కోసం కట్టినవి కావు.

పాట రికార్డు అయ్యాక మాటలు రాసుకోవాలి. దీనికి ఈలాన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. నెదర్లాండ్స్‌లో నైమెఖెన్ ఊళ్ళోని మాక్స్ ప్లాంక్ భాషా సంస్థ తయారుచేసింది. పాట నడుస్తుంటే కింద ఒక వరుసలో గోండి మాట, ఇంకో వరుసలో తెలుగు అర్థం, మూడో వరుసలో ఎవరు పాడుతున్నారో రాసుకోవచ్చు. తెలుగు లిపి బాగా పనిచేస్తుంది. నార్నూర్ మండలం గుంజాలలో వెలుగు చూసిన గుంజాల గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో స్థానం దొరికింది. తగిన ఫాంట్ వేసుకుంటే ఆ లిపిలో కూడా రాసుకునే దారి తెరుచుకుంది. రాతపతులను చదవగలిగిన పెద్దలు ఉన్న ఊళ్ళవాళ్ళు ఈ పని తప్పక చేపట్టాలి.

ప్రతి పాటకూ ఒక చిన్న కాగితం కూడా ఉండాలి: ఎవరు పాడారు, ఏ ఊరు, ఏ గోత్రం, ఏ తేదీ, ఏ సందర్భంలో పాడే పాట, ఎవరికి వినిపించవచ్చు. చివరి ప్రశ్న ముఖ్యం. కొన్ని పాటలు పూజ దగ్గర తప్ప బయట పాడరు. పెద్దలు వద్దంటే రికార్డర్ మూసేయాలి. రికార్డు చేయమని, కాని బయట పెట్టవద్దని అంటే ఆ ఫైలు మీద ఆ మాట రాసి వేరే ఫోల్డర్‌లో పెట్టాలి. సాఫ్ట్‌వేర్‌లో "షేర్" బటన్ ఎంత దగ్గరగా ఉన్నా, పెద్దల మాట దానికంటే ముందు.

చట్టం కూడా మనవైపే ఉంది. 1957 నాటి కాపీరైట్ చట్టంలో పాడినవాళ్ళకు ప్రదర్శకుల హక్కు ఉంది, అది 50 ఏళ్ళు నడుస్తుంది. 2012 సవరణతో, పాడింది ఫలానా వారు అని పేరు వేయించుకునే హక్కు, పాటను తమ పేరు చెడేలా వికారంగా మారిస్తే అడ్డుకునే హక్కు కూడా చేరాయి. అందుకే మేము పాడేవాళ్ళ దగ్గర వాళ్ళకు అర్థమయ్యే భాషలో చదివి వినిపించి, సంతకమో వేలిముద్రో తీసుకుంటాము. ఆ కాగితం వాళ్ళకూ ఒకటి ఇస్తాము. రికార్డు అయిన పాట కూడా మొదట వాళ్ళ ఇంటికే ఇస్తాము.

భద్రపరచడం చివరి మెట్టు. ఒకే ల్యాప్‌టాప్‌లో ఉన్న పాట సగం పోయినట్టే. మూడు నకళ్ళు ఉండాలి. ఒకటి పనిచేసే కంప్యూటర్‌లో, ఒకటి బయటి హార్డ్ డిస్కులో, ఒకటి వేరే ఊళ్ళో ఇంకొకరి ఇంట్లో. ఇల్లు కాలినా, వాగు పొంగినా ఒకటి మిగలాలి. ఏడాదికి ఒకసారి, దండారి ముందు డిస్కులన్నీ తెరిచి పాటలు వినిపిస్తున్నాయో లేదో చూడండి.

డబ్బు ఎక్కడ పెట్టాలని అడుగుతారు. మా సలహా ఇది. సాఫ్ట్‌వేర్ మీద పెట్టే ముందు ఒక మంచి మైకు, రెండు మైకులు పట్టే యూఎస్‌బీ ఇంటర్‌ఫేస్, చెవులను మూసే హెడ్‌ఫోన్, రెండు హార్డ్ డిస్కులు కొనండి. ఆడాసిటీ ఉచితమే కాబట్టి ఈ రాత్రికే మొదలుపెట్టవచ్చు. మైకు కూడా లేకపోతే ఫోన్‌తోనే, వేవ్‌లో రికార్డు చేసే యాప్ వేసుకుని, విమానం గుర్తు నొక్కి, పాడేవాళ్ళకు మూరెడు దూరంలో పెట్టి తీసుకోండి. పనిముట్టు మంచిది వచ్చేదాకా ఆగుదామంటే పాడేవాళ్ళు ఆగరు.

ఐక్యరాజ్యసమితి 2022 నుంచి 2032 వరకు ఆదివాసీ భాషల దశాబ్దంగా ప్రకటించింది. ఆ పదేళ్ళలో కొన్ని అయిపోయాయి. మిగిలిన ఏళ్ళలో ప్రతి గూడెంలో కనీసం ఒక పిల్ల, ఒక పిల్లవాడు ఈ పని నేర్చుకోవాలని మా కోరిక. నేర్చుకోవాలనుకునేవాళ్ళు సంఘం ద్వారా మాకు కబురు పంపండి. రెండు రోజులు మీ ఊరికే వచ్చి నేర్పుతాము. మాకు ఫీజు వద్దు. మీ ఊళ్ళో పాటలు ఎక్కువ తెలిసిన ముసలమ్మను మాత్రం మొదటి రోజు మాతో కూర్చోబెట్టండి. నేర్చుకునే పిల్లలు రికార్డు చేసే మొదటి పాట ఆమెదే కావాలి.